మెడ కింద మూడు మూలల చుక్క

మా బామ్మర్ది నాణేన్ని నల్లగుడ్డ మీద పెట్టి, ఫస్టు మార్కు తెచ్చుకున్న పిల్లాడిలా నా మొహంలోకి చూశాడు.

"ఎక్కడుందో చూపించు బావా, చూద్దాం," అన్నాడు.

"ఏది?"

"బొక్క. నిన్న వదిన తెచ్చినప్పుడు ఇక్కడ, ఈ తలకాయ మెడ కింద, బొక్క ఉంది. ఇప్పుడు చూపించు. కావాలంటే భూతద్దం పెట్టుకో."

భూతద్దం పెట్టుకున్నాను. మెడ కింద నున్నగా ఉంది. వెండి మీద పాతబడ్డ నలుపు, ఆ నలుపు అంచున లేత నీలం, అన్నీ చుట్టుపక్కల రంగుతో కలిసిపోయాయి. మా బామ్మర్ది పనితనం మీద నాకు ఏనాడూ అనుమానం లేదు. ఆ రోజు మాత్రం ఉంటే బాగుండుననిపించింది. భూతద్దం తీసి బల్ల మీద పెట్టాను.

కౌంటరుకు అవతల స్టూలు మీద మా అక్క కూర్చుని ఉంది. కుడుతూ కుడుతూ లేచి వచ్చినట్టుంది, కొలతల టేపు మెడలో అలాగే వేలాడుతోంది.

"బాగా చేశాడు కదరా," అంది. "నిన్న నువ్వు ఊళ్లో లేవు. ఈ అబ్బాయినడిగితే గంటలో చేసి పెడతానన్నాడు. చిరుగున్న బట్టని చిరుగుతోనే కస్టమరు చేతిలో పెడతామా ఏంటి? ముందు కనపడకుండా కుట్టి, అప్పుడిస్తాం."

"ఆ పళ్ళ డాక్టరు కొనడానికి వస్తున్నది ఆ బొక్కనే అక్కా," అన్నాను.

ఇద్దరూ నవ్వబోయారు. నా మొహం చూసి ఆగిపోయారు.

ఇక్కడ కెప్టెన్ సంగతి చెప్పాలి. ఆయన ఓడ కెప్టెన్. దిగిన రేవుల్లోనల్లా నాణేలు కొనేవాడు. ఒకసారి ఓడలో ఎవడో కొన్ని నాణేలు కాజేసి, పట్టుకుంటే, ఇవి మీవని సాక్ష్యమేంటని ఎదురు దబాయించాడట. అప్పట్నుంచి కొన్న ప్రతి నాణెం మీదా, బొమ్మ మెడ కింద, సన్నటి ఉలి మొనతో ఆయన ఒక చుక్క కొట్టుకునేవాడు. ఆవగింజలో సగం ఉంటుంది. దానికి మూడు మూలలుంటాయి. మా వ్యాపారులంతా ఆయన వెనక నవ్వుకున్నారు. గాటు పడిన నాణేనికి ధర సగానికి పడిపోతుంది. డబ్బు పోసి కొన్నదాన్ని చేతులారా సగం చేసుకుంటున్నాడే అని. ఆయన పోయాక ఆ నాణేలు తలా ఒక దిక్కుకు చేరాయి. చేరినచోటల్లా పరీక్షలకు పంపారు. ఒక్కటంటే ఒక్కటి నకిలీ తేలలేదు. దాంతో మేం నవ్విన చుక్కే హామీ అయి కూర్చుంది. అదే ముద్ర, అదే సంవత్సరం, అదే అరుగుదల. చుక్క లేకపోతే ఒక వంతు, ఉంటే మూడు వంతులు. ఈ వ్యాపారం తెలియనివాళ్లు వింటే మాకు మతి పోయిందనుకుంటారు. కొనేవాడు వెండికి డబ్బివ్వడం లేదు. తన కంటే పదునైన కన్ను ఒకటి ముందే చూసి సరేనన్న దానికి ఇస్తున్నాడు.

కెప్టెన్ ఓడ దిగి ఇంటి పట్టునున్న రోజుల్లో ఆయన కారు నడిపింది మా అక్క భర్త. పని మానేసిన రోజున ఈ నాణేన్ని ఆయన చేతిలో పెట్టాడు కెప్టెన్. ఇప్పుడు ఇచ్చినాయనా లేడు, పుచ్చుకున్నాయనా లేడు. నాణెం మాత్రం అక్క కుట్టుమిషన్ సొరుగులో, గుడ్డముక్కలో చుట్టి ఉండేది. తోమకు, రుద్దకు, ఎవరికీ చూపించకు అని ఆమెకు చెప్పాను. ఎందుకు విలువో చెప్పలేదు. ధర వెనకున్న కారణం ఎవరికీ చెప్పకపోవడం మా వృత్తిలో అలవాటు; ఇంట్లోవాళ్లకు కూడా చెప్పం. చెప్పిన మాట వీధి మలుపు తిరిగేసరికి ఆ లాభం ఇంకొకడిదవుతుంది.

బామ్మర్దిని తప్పు పట్టడానికీ లేదు. అతను నగల పని చేసి వచ్చినవాడు. గొలుసులో వేసుకోవడానికని జనం బొక్కలు పొడిపించిన నాణేలు మా దగ్గరికి వస్తుంటాయి. వాటిని పూడ్చడం అతనికి రోజూ ఉండే పని. కెప్టెన్ చుక్క ఉన్న నాణెం అంతకుముందు మా కొట్టు గడప ఎన్నడూ తొక్కలేదు. ఎవడో బొక్క పొడవబోయి మధ్యలో మానేశాడనుకుని అతను పూడ్చేశాడు.

అంతా చెప్పాను. అక్క టేపు చివరను వేలికి చుట్టడం మొదలుపెట్టింది.

"నేను కుట్టుకునే గది అమ్మే ఆయన ఈ సాయంత్రం కొట్లు కట్టేదాకానే ఆగుతానన్నాడు," అంది. "బయానా అందకపోతే ఆ ఫోన్ల కొట్టువాడికే రాసిస్తాడట. వాడప్పుడే గోడ ఎక్కడ పగలగొట్టాలో సుద్దముక్కతో గీసుకుని పోయాడురా. నా మిషను వెనకాలే గీశాడు."

ఆ గదిలో ఆమె ఇరవై రెండేళ్లుగా కుడుతోంది. ఆ వీధిలో వేరే ఖాళీ గది లేదు. కుట్టుపని మనిషితోపాటు నడిచి రాదు, చోటును పట్టుకుని ఉంటుంది. యాభై ఎనిమిదేళ్ల వయసులో కొత్త వీధికి పోతే మళ్లీ ఒక్కొక్క ఇల్లూ అలవాటు కావాలి. ఈలోపు మిషను ఖాళీగా తిరుగుతుంది. పళ్ళ డాక్టరు ఇస్తానన్న ధర బయానాకు సరిపోతుంది. కెప్టెన్ నాణేలు తప్ప ఇంకేవీ కొనని మనిషి ఆయన. చుక్క ఉంటే చాలు, డబ్బు తెచ్చుకునే వస్తాను అని ఫోన్లో చెప్పాడు. ఇంకాసేపట్లో రావాలి.

"వేసినవాడివి నువ్వే కదా, నువ్వే తీసెయ్యి," అంది అక్క.

బామ్మర్ది నెత్తి గోక్కున్నాడు. "వేసింది తగరపు టంకం వదినా. వెండి టంకమైతే నాణెం మొత్తం ఎర్రగా కాలాలి, పాత రంగంతా పోతుంది. అందుకని తగరం వేశాను. కరిగించి తీయొచ్చు. కానీ వేడి రవ్వంత ఎక్కువైతే తగరం వెండిని తినేస్తుంది. చుక్క కాస్తా గుంటవుతుంది. పైగా..."

"పైగా?"

"టంకం పట్టాలని లోపల సూదితో గీకాను. మూలలు మిగిలాయో లేదో చెప్పలేను."

తర్వాత అతనే గొంతు తగ్గించి అన్నాడు: "ఇంకో దారుంది బావా. తీయనే అక్కర్లేదు. ఉక్కు సూదికి మూడు పక్కలా సాన పడితే అలాంటి మొనే వస్తుంది. టంకం మీద ఒక్క దెబ్బ. నిన్న అంతసేపు చూశాను, అది ఎక్కడుందో ఎలా ఉందో కళ్లకు కట్టినట్టుంది."

"దొంగ చుక్క పెడతావా?"

"దొంగదెందుకవుతుంది? నాణెం కెప్టెన్‌దే. చుక్క పెట్టింది ఆయనే. నేను చెరిపాను, నేను పెడతాను. ఉన్నదాన్నే కదా పెట్టేది!"

"నిజమే కదరా," అంది అక్క. "ఇందులో అబద్ధం ఎక్కడుంది?"

ఆ మాట నాకూ కొంత నచ్చింది. నచ్చింది కాబట్టే భయమేసి లెక్క వేసుకున్నాను. ఒక పక్క అక్క గది. రెండో పక్క నా కొట్టు. నా దగ్గర కొన్నవి ఎన్ని ఇళ్ల బీరువాల్లో ఉన్నాయో నాకే తెలియదు. వాటిని తిరిగి అమ్ముకునేటప్పుడు, ఫలానా కొట్లో కొన్నాను అంటే అవతలివాడు రెండోసారి భూతద్దం అడగడు. కెప్టెన్ పేరుకు మూడు రెట్లు పలికితే నా పేరుకు పదో వంతు పలుకుతుందేమో. అయినా పలుకుతుంది. ఒక్క దొంగ చుక్క బయటపడితే ఆ బీరువాలన్నిట్లోనూ ఒకేసారి ధర పడిపోతుంది.

వద్దు అని నోరు తెరిచాను. అంతలో వీధి తలుపు తెరుచుకుంది. పళ్ళ డాక్టరు చెప్పిన వేళ కంటే ముందే వచ్చేశాడు.

బామ్మర్ది నాణేన్ని గుప్పిట్లో వేసుకుని వెనక గదిలోకి జారుకున్నాడు.

డాక్టరు సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఆయనతోపాటు లవంగ నూనె వాసన కూడా లోపలికి వచ్చింది. కూర్చుంటూనే సంచీలోంచి నుదుటికి కట్టుకునే దీపం తీసి బల్ల మీద పెట్టాడు. నోళ్లలోకి చూసే దీపమే, నాణేలకూ అదే వాడతాడు.

"ఈవిడేనా?" అన్నాడు అక్క కేసి చూసి.

"మా అక్కండి. నాణెం ఆవిడదే."

"సంతోషం అమ్మా. ఏదీ, నాణెం?"

"లోపలుందండి. తెస్తాడు మా బామ్మర్ది," అన్నాను.

వెనక గదిలోంచి సాన మీద ఉక్కు రాస్తున్న చప్పుడు మొదలైంది. ఆగి ఆగి వస్తోంది. మూడు పక్కలు పదును పెట్టేవాడు తిప్పి తిప్పి రాస్తాడు.

"ఏదో పదును పెడుతున్నారే," అన్నాడు డాక్టరు.

"వెనక పని జరుగుతూనే ఉంటుందండి."

"మంచిదే. పోయినేడు నాకొకడు కెప్టెన్ నాణెమని ఒకటి అంటగట్టాడు. చుక్కకు మూలలున్నాయి, అన్నీ ఉన్నాయి. ఇంటికెళ్లి సూక్ష్మదర్శిని కింద పెడితే చుక్క లోపలి వెండి తళతళలాడుతోంది. చుట్టూ ఉన్నది వందేళ్ల నాటిది, చుక్క మొన్నటిది." ఆయన నవ్వాడు. "నేను గొడవేం పెట్టుకోలేదండి. తెలిసిన నలుగురికి చెప్పానంతే. ఆ కొట్టు మూతపడిందట."

అక్క నా వైపు చూసింది. నేను గల్లాపెట్టె వైపు చూశాను.

సాన చప్పుడు ఆగిపోయింది.

తర్వాత ఏం చప్పుడు రావాలో నాకు తెలుసు. మొదట నాణేన్ని కదలకుండా పట్టే పట్టుగొయ్య మర బిగుస్తుంది. ఆ తర్వాత సుత్తి. కీచుమని మర బిగిసింది.

"తమ్ముడూ," అంది అక్క. వెళ్లమనో, ఆగమనో ఆ గొంతులో నాకు తెలియలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు. నేను లేచాను.

వెనక గదిలో నాణెం రెండు తోలుముక్కల మధ్య బిగించి ఉంది. దాని మీద సూది నిలబెట్టి, బామ్మర్ది చిన్న సుత్తి ఎత్తి ఉన్నాడు. మణికట్టు పట్టుకున్నాను.

"ఒక్క దెబ్బ బావా. అయిపోతుంది."

"నిజంగానే అయిపోతుంది. దించు."

"వదిన గది పోతుంది."

"పోతుందేమో. సుత్తి దించు ముందు."

దించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి అతనికి. నాణేన్ని ఊడదీసి, చొక్కా అంచున తుడవబోయి, ఆగి, అలాగే ముందు గదిలోకి తెచ్చి నల్లగుడ్డ మీద పెట్టాను.

"డాక్టరు గారూ, దీపం పెట్టుకునే ముందు ఒక మాట," అన్నాను. చుక్క ఉండేదనీ, నిన్న నా కొట్లోనే పూడ్చారనీ చెప్పాను. సూది సంగతి కూడా దాచలేదు. దాచి అమ్మితే ఎప్పుడో ఒకప్పుడు ఎక్కువ ధరకు చెప్పాల్సి వచ్చేది.

ఆయన దీపం కట్టుకుని చాలాసేపు చూశాడు.

"పుచ్చుపన్ను నింపినట్టు నింపాడు. నా దగ్గర చేసినవాళ్లెవరికీ రంగు ఇంత బాగా కలవలేదు."

"థాంక్సండి," అన్నాడు గుమ్మంలోంచి బామ్మర్ది.

"మెచ్చుకోవడం లేదయ్యా. నీలాంటి చేతులుంటే నాలాంటివాడు రాత్రిళ్లు నిద్రపోలేడు." దీపం ఆర్పి అక్క వైపు తిరిగాడు. "అమ్మా, ఇలా ఉన్నదాన్ని ఇలాగే కొనాలంటే ఒక వంతు ఇవ్వగలను."

"అది కెప్టెన్ గారిదేనండీ. మా ఆయన చేతిలో ఆయనే స్వయంగా పెట్టారు."

"నేను నమ్ముతున్నాను. కానీ నా తర్వాత కొనేవాడు మీ ఆయన్ని చూడలేదు, మిమ్మల్నీ చూడలేదు. వాడికి నేనేం చూపించాలి?"

అక్క నల్లగుడ్డ మీది నాణెం కేసి చూసింది.

"ఒక పని చేద్దాం," అన్నాడు ఆయన. "నా కళ్లముందు తెరవండి. చుక్క బయటపడితే అనుకున్న మూడు వంతులూ ఇస్తాను. గుంట పడితే వెండి తూకానికి తీసుకుంటాను. తెరవడం ఇష్టం లేదా, ఆ ఒక వంతు ఇప్పుడే ఇచ్చి పోతాను. మీ ఇష్టం."

"ఒక వంతుతో బయానా అవుతుందా?" అక్క నన్నడిగింది.

"కాదక్కా. నా డబ్బంతా సరుకులో ఇరుక్కుని ఉంది. గల్లాపెట్టె ఊడ్చి కలిపినా కాదు."

"తెరిస్తే?"

"అవ్వొచ్చు. ఉన్న ఒక వంతూ పోనూ వచ్చు."

నాణెం నాదైతే ఒక వంతు తీసుకునేవాణ్ని. చేతికి వచ్చేది వదిలి, వస్తుందో రాదో తెలియనిదాని వెంట పడటం నా లెక్కల్లో లేదు. కానీ నాణెం నాది కాదు, గదీ నాది కాదు. నోరు మూసుకున్నాను.

అక్క స్టూలు దిగి బామ్మర్ది దగ్గరికి వెళ్లింది.

"చెయ్యి వణుకుతోందా?"

"వణుకుతోంది వదినా."

"నీళ్లు తాగి రా. తొందరేం లేదు." తొందరున్న మనిషి ఆ మాట అంది. "ఒకటి చెబుతా విను. తప్పు కుట్టు విప్పేటప్పుడు నేను బట్ట కేసి చూడను. బట్ట కేసి చూస్తే భయమేస్తుంది. దారం కేసే చూస్తాను. నువ్వూ తగరం కేసే చూడు."

సామాను ముందు గదిలోకి తెచ్చుకున్నాడు. వీధి తలుపు గడియ పెట్టాను. కరెంటుతో వేడెక్కే టంకం కడ్డీ, దాని సన్న మొన. కరిగిన తగరాన్ని పీల్చుకోవడానికి రాగి తీగల అల్లిక. గుడ్డ చుట్టిన పుల్ల. డాక్టరు దీపం కట్టుకుని అతని భుజం మీంచి వంగాడు.

మొన తాకించాడు. ఏమీ కాలేదు. తీసి, ఊపిరి వదిలి, మళ్లీ తాకించాడు. మెడ కింద నలుపు కమిలి చుట్టూ తెల్లగా పొరలు లేచింది. వందేళ్ల రంగు అక్కడ రెప్పపాటులో పోయింది. అక్క నోటికి టేపు అడ్డం పెట్టుకుంది.

"ఎక్కువసేపు ఉంచకు," అన్నాడు డాక్టరు. "తాకించు, తియ్యి. తాకించు, తియ్యి."

"పన్ను పీకుతున్నది మీరా, నేనా డాక్టరు గారూ?"

"సరే సరే. మాట్లాడను."

మూడోసారి తగరం కదిలింది. చిన్న మెరుపులా ఉబ్బి, గుండ్రంగా పొర్లింది. బామ్మర్ది రాగి అల్లిక దాని మీద అద్దాడు. అదే క్షణంలో కడ్డీ తీయాలి. తీయకపోతే ఆ తగరం అడుగున వెండిని కొరకడం మొదలుపెడుతుంది. తీశాడో లేదో నాకు కనపడలేదు, అతని భుజం అడ్డమొచ్చింది. సన్నగా పొగ లేచింది.

"అయిందా?" అంది అక్క.

"ఇంకాస్త ఉంది, మూలలో."

ఆ కాస్త కోసం ఇంకోసారి వేడి పెట్టాలి. పెట్టకుండా ఆపేద్దామా అన్నట్టు నా వైపు చూశాడు. నేను అక్క వైపు చూశాను. అక్క కళ్లు మూసుకునే తలూపింది.

పెట్టాడు. అద్దాడు. తీశాడు. కడ్డీ కింద పెట్టి రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

డాక్టరు పుల్లతో మెల్లగా తుడిచి, నాణేన్ని దీపం కింద ఒక పక్కకు వంచాడు. రెండో పక్కకు వంచాడు. కుర్చీ లాక్కుని కూర్చుని మళ్లీ మొదట్నుంచి వంచాడు. వీధిలో ఎవరో తలుపు తట్టి, కొట్టు మూసేశారనుకుని వెళ్లిపోయారు.

"రెండు మూలలున్నాయి," అన్నాడు చివరికి.

"మూడోది?"

"నీ సూదికి పోయింది. కానీ లోపలి గోడ మీద ఒక సన్నగీత ఉంది. కెప్టెన్ ఉలి ఒక పక్క చిట్లింది. ఆయన కొట్టిన ప్రతి చుక్కలోనూ ఆ గీత పడేది. నా దగ్గరున్న పదిహేడు నాణేల్లోనూ ఉంది." బామ్మర్ది వైపు చూశాడు. "నువ్వు సాన పట్టిన సూదికి ఆ చిట్లు లేదు కదా?"

బామ్మర్ది లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

అక్క స్టూలు మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా మొహం చేతుల్లో పెట్టుకుంది. "ఇస్తారా అయితే? మొత్తం?"

"ఇస్తానమ్మా. మాటంటే మాటే. కాకపోతే ఈ తెల్లమచ్చ ఉంది చూశారూ, దీన్ని చూసినవాడల్లా ఏమైందని అడుగుతాడు." డాక్టరు నా వైపు తిరిగాడు. "మీరొక కాగితం రాసివ్వండి. కెప్టెన్ దగ్గర్నుంచి డ్రైవరుకు, డ్రైవరు నుంచి భార్యకు వచ్చింది. ఫలానా కొట్లో చుక్క పూడ్చారు, అక్కడే నా ఎదుట తెరిచారు. మీ సంతకం, కొట్టు ముద్ర. నాణెం ఎక్కడికి పోతే ఆ కాగితం అక్కడికి పోతుంది. నేను పోయాక కూడా."

ఇందాక వెనక గదిలో సుత్తి చూసినప్పుడు కూడా నా ప్రాణం అంతగా ఉసూరుమనలేదు. ఆ కాగితం నాణేలు సేకరించే వంద మంది చేతుల్లో తిరుగుతుంది. ఏ కొట్లో చుక్కలు కనపడకుండా పూడ్చగలరో అందులో నల్లగా రాసి ఉంటుంది. ఎంత బాగా పూడ్చగలరో డాక్టరు నోటితో చెబుతాడు.

"ధర కొంచెం తగ్గించుకోండి," అన్నాను. "కాగితం లేకుండా చూద్దాం."

"కాగితం లేకపోతే ఒకటిన్నర వంతు. అంతకు మించి ఇస్తే నేను వెర్రివాణ్నవుతాను."

అక్క తలెత్తింది. "కాగితం రాస్తే నీకేమవుతుందిరా?"

"నాకేమవుతుంది? ఏం కాదు."

"నీ ఎడం చెయ్యి తియ్యి జేబులోంచి," అంది. "చిన్నప్పట్నుంచీ అంతే, అబద్ధమాడితే అది జేబులోకి పోతుంది. డాక్టరు గారూ, ఆ ఒకటిన్నరే ఇవ్వండి. గది పోతే పోయింది. మిషను మా ఇంట్లో వేసుకుంటా."

"ఇంట్లో ఎక్కడ వేస్తావు, మంచం మీదా?" అన్నాను.

"వేస్తా. నువ్వు మాత్రం సంతకం పెట్టకు."

ఆమె అది అంటుండగానే రాయడం మొదలుపెట్టాను. నేను పుణ్యానికి రాయలేదు, లెక్క చూసుకునే రాశాను. ఆమెకు పోయేది ఈ సాయంత్రం ఒక్క దెబ్బకు పోతుంది, మళ్లీ రాదు. నాకు పోయేది కొంచెం కొంచెంగా, ఏళ్ల తరబడి పోతుంది. వాయిదాల మీద పోయే నష్టాన్ని వ్యాపారస్తుడు తట్టుకోగలడు. సంతకం పెట్టి ముద్ర వేశాను. డాక్టరు రెండుసార్లు చదువుకుని, మడిచి, నాణెంతోపాటు పెట్టుకున్నాడు. డబ్బు అక్క చేతికిచ్చాడు.

కొట్లు కట్టకముందే బయానా ముట్టింది. ఫోన్ల కొట్టువాడు గీసిన సుద్దగీతను అక్క తడిగుడ్డతో తుడిచేసిందట. బామ్మర్ది ఆ నెలంతా ఒక్క బొక్కా పూడ్చలేదు. నేనే కసిరి మళ్లీ కూర్చోబెట్టాను; పూడ్చిన ప్రతిదాని మీదా పూడ్చినట్టు చీటీ పెట్టి అమ్ముతున్నాం. ఆ సరుక్కి ధర తగ్గింది. అది అనుకున్నదే. చీటీ అక్కర్లేని సరుక్కి కూడా తగ్గుతుందని మాత్రం నేను లెక్క కట్టలేదు.

మొన్న ఒక పాత ఖాతాదారు వచ్చాడు. పన్నెండేళ్లుగా నా దగ్గరే కొంటున్న మనిషి, భూతద్దం తెచ్చుకున్న రోజు లేదు. ఎవరి చెయ్యీ పడని మంచి వెండి నాణెం అతని ముందు పెట్టి ధర చెప్పాను. అతను జేబులోంచి భూతద్దం తీశాడు. కొత్తది, అట్టపెట్టె కూడా ఇంకా నలగలేదు.

"ఏమనుకోకండి," అన్నాడు. "ఇది మీ వెనక గదిలోకి వెళ్లిందా?"

"లేదు," అన్నాను.

ధర కొంచెం తగ్గించి చెప్పాను. అతను సరేనని తలూపి, భూతద్దాన్ని మళ్లీ కంటికి పెట్టుకున్నాడు.